నలభై ఒకటోది

రేపు పొద్దున పదిగంటల లోపల పంపాలె
ఏడో తరగతి ఫారం.
ఆఫీసు నుంచి మూడోసారి మెసేజ్, చివర్ల రెండు నమస్కారాలు.
కరెంటు పోయింది. ఫోన్ వెలుతురుల కూడుతున్న.

ఎస్సీ పదకొండు. ఎస్టీ తొమ్మిది. బీసీ పద్దెనిమిది.
మైనారిటీ రెండు, ఆస్మా, మదార్.
అన్నారం దర్గా మొక్కుకు పుట్టిన యాకయ్యను
పేరు చూసి ఆ గడిల ఏసి
వాళ్ల నాయిన బొట్టు యాదికొచ్చి ఈ గడిలకు తెచ్చిన.
ఓసీ ఒకటి:
కాన్వెంటుల రెండు నెలల ఫీజు బాకీ పెట్టి
మా బెంచీ మీదికి వచ్చి కూసున్న వైదేహి.
మొత్తం నలభై ఒకటి.

తండా పిల్లలు ఎనిమిది మంది.
ఇంట్ల ఒక భాష,
పుస్తకంల ఎడమ పేజీకి ఒకటి, కుడి పేజీకి ఒకటి,
నడుమ కుట్టు దగ్గర వాళ్లు.

ఫిబ్రవరిల హాజరు ఎందుకు పడిపోయిందో
ఇరవై అక్షరాలు దాటకుండ రాయాల్నట.
మిర్చి, అని రాసిన.
ఇంకా పద్దెనిమిది మిగిలినయ్.

తండ్రి వృత్తి అడిగిండ్రు, తల్లి చదువు అడిగిండ్రు.
టీచరమ్మ కొడుకు ఏ బడిల చదువుతడో
ఎవ్వరు అడగలే.
హన్మకొండల పచ్చ బస్సు
ఏడుంబావుకు మా గేటు ముందర హారన్ కొడుతది.
ఆ సంగతికి గడి లేదు. నేను గీసుకోలే.

ఇగ గ్రేడ్లు.
ఏ ఆరు. బి పదమూడు. సి పద్నాలుగు. డి ఏడు.
కూడిన. నలభై.
కింద నుంచి మీదికి కూడిన. నలభయ్యే.
కులాల లెక్కల ఉన్న పిల్లగాడు
మార్కుల లెక్కల ఏడ జారిపోయిండు?

పేపర్ల కట్ట ఇప్పిన.
అట్టడుగున సుబల్.
ఇటుక బట్టీల పని చేసెటోళ్ల పిల్లగాడు,
దసరా తర్వాత లారీల దిగిండు.
ఎస్టీ తొమ్మిదిల తొమ్మిదోడు, సర్టిఫికెట్ లేదు, వాళ్లమ్మ మాటే సాక్ష్యం.
పేపరంత ఒడియాల రాసిండు.
తెలుగు సారు నాకిచ్చిండు, నేను హిందీ టీచర్‌కు ఇచ్చిన,
ఆమె మళ్ల నా టేబుల్ మీదనే పెట్టింది.
అట్ల మేము ముగ్గురం ఆ పిల్లగాన్ని దిద్దకుండ దాటేసినం.

అక్షరాలన్ని గుండ్రంగ, గొడుగులు ఏసుకున్నట్టు.
కాని బరాబర్ గీతలు రెండు
నా బోర్డు మీద ఉన్న చోటనే ఉన్నయి.
సున్న సున్నే.
ఒకటేమో పంచాంగంల పాత ఒకటి లెక్క కొంచెం వంకర.
జవాబు నాకు తెలుసు గనుక
జవాబు నుంచి ఎనుకకు నడుసుకుంట
ఒక్కొక్క అంకె పట్టుకున్న.
మూడు దొరికింది. ఏడు దొరికింది. ఐదు శానసేపు సతాయించింది.
పన్నెండేండ్ల సర్వీసుల
ఒక పిల్లగాని పేపర్ ఇంత నెమ్మదిగ ఎన్నడు చదవలే.

ఎనభైకి యాభై రెండు.
బి పదమూడు కొట్టేసి పద్నాలుగు ఏసిన.
నలభై ఒకటి.
పంపిన. సర్వర్ తిరిగి తిరిగి ఒంటిగంటకు తీసుకుంది.

ఒక్కటి మాత్రం తేలలే.
ఆరుగురు ఒక గోడను పది రోజులల్ల కడితే
నలుగురు ఎన్ని రోజులల్ల కడుతరు?
పదిహేను, సరిగ్గనే ఏసిండు.
దాని పక్కన చిన్నగ ఒక వరుస.
అంకెలు లేవు.

సోమవారం ప్రేయర్ అయినంక పిలిచి చూపెట్టిన.
ఇదేంది రా?
వేలికి అంటిన ఎర్రమన్ను లాగుకు రుద్దుకున్నడు.
తల దించిండు, మాటలు ఏరుకున్నడు,
"వాన పడకుంటె, టీచర్."

జవాబుల కాగితంల దానికి మార్కులు లేవు.
ఎర్రపెన్ను మూత తీసి
పట్టుకొని ఉన్న,
సెకండ్ బెల్లు కొట్టేదాక.